ఒక బ్లేడా, అయిదు బ్లేడులా?

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన మఱునాడు పదవ తరగతి విద్యార్థి యొకడు ఉపాధ్యాయుల గది వాకిట నిలిచి, లోనికి రావలెనా వలదా యని తటపటాయించుచుండెను. ఏమి కావలెనని అడిగితిని. వాడు గడ్డమునకు చేయి అడ్డము పెట్టుకొని, “సార్, గీసుకునేదానికి తాత వాడిన కత్తి మేలా, కొత్తది కొనేదా?” అని మెల్లగా అడిగెను. చేయి తీయించి చూచితిని. దవడ క్రింద రెండు గాట్లు, మెడమీద ఎఱ్ఱని పొక్కులు కనబడినవి. తండ్రి బెంగళూరులో పనికి పోయి పదునైదు దినముల కొకసారి ఇల్లు చేరువాడు. ఇంట నేర్పువారు లేక, వాడు తోడి విద్యార్థి రేజరును ఎరవు తీసికొని, తడి చేయని చర్మముమీదనే గీచుకొనినాడట.

ఆ వారముననే మఱియొకటి జరిగినది. మన తరగతి గదులను ఊడ్చు అమ్మ చెత్తబుట్టలోని కాగితములను చేతితో నొక్కుచుండగా, పెన్సిలు చెక్కుకొని ఎవరో పాఱవేసిన సగము బ్లేడు ఆమె అరచేతిని కోసినది. గాయము కడిగి కట్టు కట్టుచుండగా ఆమె, “పర్వాలేదయ్యా, మాకిది మామూలే” అనినది. ‘మామూలే’ అను ఆ మాట నన్ను మిక్కిలి బాధించినది.

తెలుగు చెప్పువానికి కత్తుల శాస్త్ర మేల యని మీరు నవ్వవచ్చును. కాని మన హోసూరు ప్రాంతమున ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరిలో తమిళము వినబడినను, మూడు భాషలవారును ఈ పనిముట్టును ‘కత్తి’ అనియే అందురు. మన క్షౌరమే తమిళమున ‘సవరం’ అయినది. మూడు భాషల ఇండ్లలోను ఉన్న వస్తువును గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట తప్పు కాదు. ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఆనాడు నేను తొందరపాటుగా ఒక ముక్కలో జవాబు చెప్పి పంపితిని. సరియైన జవాబు ఇప్పుడు చెప్పుచున్నాను.

మంగలికత్తి

మన తాతల కాలమున గడ్డము గీచుకొనుట ఒకరు చేయించుకొను పనియే గాని తనకు తాను చేసికొను పని కాదు. క్షురకుడు పొదితో ఇంటికి వచ్చును. ఆ పొదిలో మడతకత్తి, కత్తెర, నీళ్లగిన్నె, సానరాయి, తోలుపట్టె, పటిక ముక్క యుండును. సానరాయిమీద నూఱి, తోలుమీద త్రిప్పి త్రిప్పి తీసిన ఆ కత్తి అంచు మిక్కిలి వాడియైనది. దానికి కాపు లేదు. ఎంత లోతు దిగవలెనో, ఏ వాలున నడువవలెనో అంతయు చేతి నేర్పుమీదనే ఆధారపడియుండెను. ఇది నిజముగా కత్తిమీద సాము. అందుచేతనే ఆ విద్యను ఏండ్ల తరబడి అభ్యసించినవారే చేయుచుండిరి. వారిపట్ల గౌరవముంచుట మన విధి.

సామాన్యుడు తన గడ్డమును తానే గీచుకొనవలెనన్నచో కత్తికి కాపు కావలెను. ఈ ఆలోచన పాతదే. 1770 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు కత్తులవాడు జాక్ పెరె అనునతడు కత్తి అంచునకు కొయ్య కాపు అమర్చి, అంచు కొంచెమే బయటికి కనబడునట్లు చేసెను. 1847లో ఇంగ్లండుకు చెందిన విలియం హెన్సన్ పిడికి అడ్డముగా, గుద్దలివలె, కత్తిని నిలుపు పద్ధతికి పేటెంటు పొందెను. నేటి రేజరుల రూపమంతయు ఈ గుద్దలి రూపమునుండి వచ్చినదే. 1880లో న్యూయార్కునందు కాంఫ్ సోదరులు కాపు గల రేజరునకు పేటెంటు పొంది అమ్మకమునకు తెచ్చిరి. అయినను కష్టము పూర్తిగా తీరలేదు. వారి రేజరులోని కత్తి దళసరిది. దానిని మాటిమాటికి ఊడదీసి తోలుమీద త్రిప్పవలసియే యుండెను.

పాఱవేయు బ్లేడు

ఈ చిక్కు విప్పినవాడు అమెరికా దేశపు కింగ్ క్యాంప్ జిల్లెట్. ఇతడు 1855లో జన్మించెను. శాస్త్రజ్ఞుడు కాడు; ఊరూర తిరిగి సరకు లమ్మువాడు. సీసాలకు బిగించు రేకుమూతలు చేయు కంపెనీలో పనిచేయుచుండెను. ఆ మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ అతనితో, ఒకసారి వాడి పాఱవేసి జనులు మరల కొనవలసిన వస్తువు నొకదానిని ఆలోచింపుమని చెప్పెను. 1895లో ఒకనాటి ఉదయమున మొద్దుబాఱిన కత్తిని చేత పట్టుకొనియుండగా జిల్లెట్‌నకు తలపు తట్టినది: గీచుటకు కావలసినది అంచు మాత్రమే. మిగిలిన ఇనుమంతయు ఆ అంచును నిలుపుటకే గదా! అట్లయిన పలుచని రేకునకు ఇరుప్రక్కల పదును పెట్టి, దానిని పిడిలో బిగించి, మొద్దుబాఱగనే పాఱవేసిన చాలదా?

తలపు సులభమే, పని కష్టమైనది. కాగితమువంటి ఉక్కురేకును కాల్చి చల్లార్చి గట్టిపఱచినచో అది మెలివడును. ఇది సాధ్యము కాదని లోహముల నెఱిగినవారు చెప్పిరి. విలియం నికర్సన్ అను యంత్రకారుడు 1901నుండి పూనికతో కృషిచేసి దానిని సాధించెను. 1903లో అమ్మినవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. మఱుసటి యేట అమ్మిన రేజరులు 90 వేలు దాటినవి. 1904 నవంబరున పేటెంటు లభించెను. మొదటి ప్రపంచ యుద్ధమున అమెరికా ప్రభుత్వము తన సైనికుల కొఱకు 35 లక్షల రేజరులు కొనినది. యుద్ధమునుండి ఇండ్లకు మరలిన సైనికులు ఆ అలవాటును వెంట తెచ్చికొనిరి. ఇట్లు, ఒకరిచే చేయించుకొను పని తనకు తాను చేసికొను పనియైనది.

ఇచట ఒక విషయము గమనింపుడు. 1921లో ఆ పేటెంటు గడువు తీరినది. అటుపిమ్మట ఎవరైనను ఆ కొలతలతో బ్లేడు చేసి అమ్మవచ్చును. కావుననే నేడు ఏ కంపెనీ బ్లేడైనను ఏ కంపెనీ రేజరులోనైనను ఇముడును. తాతగారి ఇత్తడి రేజరులో నేటి ఉదయము కిరాణా దుకాణమున కొనిన బ్లేడు సరిగా కూర్చొనుటకు కారణ మిదియే. బ్లేడు చౌకగా దొరకుటకును ఇదియే కారణము.

బ్లేడులు పెరిగిన కథ

తొలి బ్లేడులు కర్బనపు ఉక్కువి. తడి తగిలిన త్రుప్పు పట్టును. 1960వ దశాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండునందలి విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ, అంచుమీద పలుచని పూత వేసిన త్రుప్పుపట్టని ఉక్కు బ్లేడును విరివిగా అమ్మెను. బ్లేడు ఎక్కువ దినములు వచ్చుటచే జనులు మెచ్చుకొనిరి. కాని అమ్మువారికి ఒక చిక్కు వచ్చినది: బ్లేడు ఎక్కువ దినములు వచ్చినచో తక్కువ బ్లేడులు అమ్ముడుపోవును. ఎవరైనను చేయగల వస్తువుమీద లాభమును తక్కువ.

1971లో జిల్లెట్ కంపెనీ రెండు బ్లేడులను ఒకదాని వెనుక నొకటి ప్లాస్టిక్కు గూటిలో బిగించి, ఆ గూటినే మార్చుకొను రేజరును తెచ్చినది. ఈ గూటినే కార్ట్రిడ్జి అందురు. 1975లో అమెరికా టెలివిజనువారు, ఇక మూడు బ్లేడుల రేజరు వచ్చుచున్నదని ఒక వెక్కిరింత ప్రకటన చూపి జనులను నవ్వించిరి. ఆ వెక్కిరింత 1998లో నిజమైనది; జిల్లెట్ మూడు బ్లేడుల రేజరును తెచ్చినది. 2003లో షిక్ కంపెనీ నాలుగు బ్లేడులు పెట్టినది. 2006లో జిల్లెట్ అయిదు పెట్టినది. కార్ట్రిడ్జిని పిడికి తగిలించు కొక్కెము కంపెనీ కంపెనీకి వేఱు. తఱచు ఒకే కంపెనీలో రకము రకమునకు వేఱు. ఒకరి పిడి కొనినవారు వారి కార్ట్రిడ్జియే కొనవలెను. పిడిని చౌకగా, ఒక్కొక్కప్పుడు ఉచితముగా, ఇచ్చుటలోని మర్మ మిది.

రెండును పనిచేయు తీరు

సేఫ్టీ రేజరులోని బ్లేడు మందము మిల్లీమీటరులో సుమారు పదవ వంతు. పైమూత, క్రింది పళ్లెము దానిని నడుమ నొక్కి విల్లువలె కొంచెము వంచును. ఆ వంపుచేతనే పలుచని రేకునకు బిగువు కలుగును. క్రింది పళ్లెపు అంచు చర్మమును ముందుగా తాకి చదును చేయును. వెనువెంటనే బ్లేడు వచ్చి వెంట్రుకను చర్మపు మట్టమున కోయును. కోత ఒక్కటే. బ్లేడును సుమారు 30 డిగ్రీల వాలున నిలుపుట, పైనుండి నొక్కకుండుట మన చేతి పని. ఈ రెండును తెలియనివానికి గాట్లు పడును.

కార్ట్రిడ్జిలో ఆ వాలును తయారుచేసినవారే నిర్ణయించియుంతురు. తల ఇటునటు ఊగుచు దవడ వంపును అనుసరించును. ముందు రబ్బరు గీతలు చర్మమును సాగదీయును. వెనుకనున్న జిగురుపట్టె తడి తగిలి జారుడు నిచ్చును. ఇక బ్లేడుల సంఖ్యలోని సూత్రము వినుడు. మొదటి బ్లేడు వెంట్రుకను కోయుచు కొంచెము బయటికి లాగును. అది మరల లోనికి ముడుచుకొనక ముందే రెండవ బ్లేడు వచ్చి ఇంకను క్రింద కోయును. మిగిలిన వెంట్రుక చర్మపు మట్టమునకు క్రిందికి దిగిపోవును. అందుచే చెంప నునుపుగా తోచును.

ఈ నునుపే కొందఱికి బాధ తెచ్చును. చర్మము క్రింద తెగిన వెంట్రుక మరల పెరుగునపుడు, అది సూటి వెంట్రుకయైనచో తన దారిన పైకి వచ్చును. ఉంగరపు వెంట్రుకయైనచో వంగి లోపలనే చర్మమును పొడుచును. శరీరము దానిని ముల్లువలె తలచి వాచును. మెడమీద ఎఱ్ఱని పొక్కులు లేచుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. ఇట్టివారు మిక్కిలి నునుపునకు ఆశపడక, వెంట్రుక పెరుగు దిశననే మెల్లగా గీచుకొనుట మేలని చర్మవైద్యులు చెప్పుదురు. మఱియు, అయిదు బ్లేడుల రేజరు నొకసారి నడిపిన చర్మముమీద అయిదు అంచులు నడచినట్లే. సుకుమార చర్మము గలవారికి ఇది ఒరపిడి.

నునుపు వలన లాభమెంత? గడ్డపు వెంట్రుక దినమునకు మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు పెరుగును. అట్లయిన మిల్లీమీటరులో పదవ వంతు అధికముగా కోసినచో మనకు మిగులునది ఏడెనిమిది గంటలే. ఉదయము గీచుకొనిన గడ్డము సాయంకాలము వఱకు నునుపుగా నుండును; మఱునాడు మరల గీచుకొనవలసినదే.

గీచినకొలది గడ్డము దట్టముగా పెరుగునని మనవారు నమ్ముదురు. త్వరగా మీసము రావలెనని మూతి గొరుగుకొను బాలురు ప్రతి తరగతిలోను కలరు! 1928లో అమెరికాకు చెందిన మిల్‌డ్రెడ్ ట్రాటర్ అను శాస్త్రజ్ఞురాలు కొందఱి గడ్డపు వెంట్రుకలను కొలిచి చూచి, గీచుట వలన వెంట్రుక మందము గాని పెరుగు వేగము గాని మారదని నిరూపించెను. కోయని వెంట్రుక కొన సన్నగిలియుండును. కోసిన వెంట్రుక కొన మొద్దుగా నుండును. చేతికి బిరుసుగా తగులుటకు కారణ మంతియే.

చెంబెడు నీళ్ల ప్రశ్న

నేను ఆంధ్రదేశమున చిత్తూరులో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మా వసతిగృహమున కొళాయినీరు దినమునకు ఒక గంట వచ్చెడిది. ఒక మిత్రుడు బహుమతిగా ఇచ్చిన రెండు బ్లేడుల రేజరుతో నేను మగ్గుడు నీళ్లు ముందుంచుకొని గీచుకొనుచుంటిని. నాలుగు గీతలకే బ్లేడుల సందున వెంట్రుకలును నురుగును చిక్కుకొని రేజరు నడువకుండెడిది. ఎంత జాడించినను వదలెడిది కాదు. తప్పు నా చేతిదే యనుకొంటిని.

తప్పు చేతిది కాదని చాలాకాలమునకు తెలిసినది. జిల్లెట్ కంపెనీవారు భారతదేశము కొఱకు ఒక రేజరును సిద్ధపఱచి, దానిని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుకొనుచున్న భారతీయ విద్యార్థులకిచ్చి పరీక్షించిరట. వారందఱును మెచ్చుకొనిరి. భారతదేశమున అమ్మజూచినప్పుడు ఫలితము వేఱైనది. అమెరికాలోని విద్యార్థికి ధారగా కారు కొళాయి కలదు; ఇక్కడివాడు గిన్నెడు నీళ్లతో నేలమీద కూర్చొని గీచుకొనును. ధారలేనిచోట ఇరుకు సందులు పూడిపోవును. అటుపిమ్మట ఆ కంపెనీవారు మనవారి ఇండ్లకే వచ్చి, జనులు గీచుకొను తీరును ప్రక్కన కూర్చొని చూచిరి. ఫలితముగా 2010లో వచ్చిన కార్ట్రిడ్జిలో ఒక్కటే బ్లేడు! కాపునకు దువ్వెన పండ్లవంటివి అమర్చి, కొద్ది నీటిలో సులభముగా జాడించుటకు వీలు కల్పించిరి. నాడు ఆ రేజరు వెల 15 రూపాయలు, మార్పు బ్లేడు వెల 5 రూపాయలు.

విద్యార్థులారా! దీనినుండి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. వస్తువు మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు వస్తువును మాత్రమే చూచి జవాబు చెప్పరాదు. దానిని వాడువాడు ఎక్కడ కూర్చొనియున్నాడు, అతని ముందు ఎన్ని నీళ్లున్నవి అని కూడ చూడవలెను. అయిదు బ్లేడుల వఱకు ఎత్తుకు ఎత్తు వేయుచు పోయిన కంపెనీయే, మన చెంబెడు నీళ్లను చూచి ఒక్క బ్లేడునకు తిరిగి వచ్చినది.

ఇంటి లెక్క

ఇప్పుడొక లెక్క వేయుదము. ధరలు ఊరూరికి మారును గావున ఇవి ఊహకై తీసికొనిన అంకెలు. మీ వీధి దుకాణపు ధరలు వేసి మీరు మరల లెక్కింపుడు.

వారమునకు 3 మారులు గీచుకొనువాడు సంవత్సరమునకు 156 మారులు గీచుకొనును. ఒక బ్లేడు 5 మారులు వచ్చినచో 32 బ్లేడులు కావలెను. బ్లేడు 3 రూపాయలైనచో 96 రూపాయలు. లోహపు రేజరు 300 రూపాయలకు కొనినాడనుకొనుడు. అది పది సంవత్సరములు వచ్చును. మొత్తము పది సంవత్సరములకు 1,260 రూపాయలు.

మూడు బ్లేడుల కార్ట్రిడ్జి 15 మారులు వచ్చినచో సంవత్సరమునకు 11 కావలెను. ఒక్కొక్కటి 120 రూపాయలైనచో 1,320 రూపాయలు. పది సంవత్సరములకు 13,200 రూపాయలు. పిడిని ఉచితముగా ఇచ్చినారనియే అనుకొందము!

అనగా, ఉచితమైన పిడి ఖరీదు సుమారు పన్నెండువేల రూపాయలు. తల్లిదండ్రులు ఈ లెక్కను పిల్లలచేత వేయించి చూడవలెనని కోరుచున్నాను. ప్రకటనలో క్రికెట్టు ఆటగాని చెంప నిగనిగలాడును గాని, వెల ఎవరి జేబునుండి ఎన్నేండ్లు పోవునో అందు చెప్పరు.

అయితే కార్ట్రిడ్జిలో మేలు లేదని నేను అనను. చేయి వణకు వృద్ధులకును, చూపు తగ్గినవారికిని, రోగులకు గీయు బంధువులకును, తొందరలో నున్నవారికిని అది క్షేమకరము. దానిని వాడుటకు నేర్పు తక్కువ చాలును. కొద్ది వెలకు దొరకు ఒంటి బ్లేడు కార్ట్రిడ్జి ఈ రెంటికి నడుమ దారి.

పదును ఏల పోవును?

ఉక్కు ఎక్కడ, వెంట్రుక ఎక్కడ! బ్లేడు అంచు వెంట్రుకకంటె సుమారు 50 రెట్లు గట్టిది. అట్టి బ్లేడు వెంట్రుకచేత ఎట్లు చెడును? ఇది 2020 వఱకు సరిగా తేలలేదు. ఆ యేట మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జెమ్ టాసన్ బృందము సూక్ష్మదర్శినిలో నుంచి చూచి చెప్పిన దిది: అంచు అరుగుట మాత్రమే కాదు, సూక్ష్మముగా పెచ్చులూడును. వెంట్రుక నిటారుగా నిలువక బ్లేడు క్రింద వంగినప్పుడు, అంచులోని ఉక్కు అంతటను ఒక్క తీరు గట్టిగా లేనిచోట, ఆ గట్టితనము మారు తావుననే వెంట్రుక ప్రక్కనుండి ఒత్తినప్పుడు, అంచు ముక్కగా లేచిపోవును. ఒక్క పెచ్చు లేచినచోట మఱికొన్ని లేచును. బలవంతుడైనను తనలో ఒక బలహీనమైన తావున్నచో అచటనే చెడును.

తొలిసారి గీచుకొనువారికి

1. ముందు మొగమును నీళ్లతో, గోరువెచ్చనివైన మఱియు మంచిది, రెండు మూడు నిమిషములు తడుపుడు. వెంట్రుక తన బరువులో సుమారు మూడవ వంతు నీరు పీల్చుకొని మెత్తబడును. సబ్బును బ్రష్షుతో బాగుగ నురుగు చేసి పట్టింపుడు. పొడి గడ్డమును గీచరాదు.

2. ఒక చేతితో చర్మమును మెల్లగా సాగదీసి, రెండవ చేతితో చిన్న చిన్న గీతలుగా గీయుడు. రేజరు బరువే చాలును, నొక్కవలదు. వెంట్రుక ఏ దిశకు పెరుగునో ఆ దిశకే పొండు. మెడమీద ఆ దిశ మారును. వ్రేలితో నిమిరి ముందుగా తెలిసికొనుడు.

3. మొటిమలమీద నడుపవలదు. తెగినచో చన్నీళ్లతో కడిగి, శుభ్రమైన బట్టతో కొంతసేపు అదిమి పట్టుడు.

4. ఒకరి రేజరు మఱియొకరు ఎన్నడును వాడరాదు. అన్నదమ్ములైనను, ప్రాణస్నేహితులైనను సరే. కంటికి కనబడనంత రక్తము అంచున నిలిచియుండును. కామెర్లు తెచ్చు హెపటైటిస్ బి క్రిమి శరీరము వెలుపల ఏడు దినములైనను బ్రదుకగలదు. హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. క్రిములును రక్తము ద్వారమున వచ్చునవే. క్షౌరశాలకు పోయినచో, క్రొత్త బ్లేడు వేయుమని మర్యాదగా అడుగుడు. అడుగుట అవమానపఱచుట కాదు. మంచి పనివాడు అడుగకముందే మీ యెదుట విప్పి వేయును.

5. వాడిన తరువాత కడిగి, నీరు విదిలించి, చంటిపిల్లలకు అందని చోట ఆరబెట్టుడు. బ్లేడును బట్టతో తుడువబోయి వ్రేళ్లు కోసికొనవలదు.

వాడిన బ్లేడు ఎక్కడికి పోవును?

మనము పాఱవేసితిమని అనుకొను వస్తువు ఎక్కడికిని పోదు; మఱియొకరి చేతికి పోవును. బ్లేడైనచో, చెత్త యేరువారి చేతికి, పారిశుద్ధ్యపు పనివారి పాదమునకు, గడ్డి మేయు ఆవు నోటికి పోవును. కార్ట్రిడ్జికి ఈ దోషము కొంత తక్కువ, అంచులు గూటిలో దాగియుండును గావున. కాని దానికి వేఱొక దోషము కలదు: ఉక్కు, ప్లాస్టిక్కు, రబ్బరు విడదీయరానట్లు కలిసిపోయి కరగించి మరల వాడుటకు పనికిరాక, మట్టిలో కలియక పడియుండును. ఒంటి బ్లేడు కేవలము ఉక్కు. తగినచోటికి చేరినచో మరల ఉక్కగును.

ఉపాయము సులభము. మూత గల ఒక రేకుడబ్బా తీసికొని, మూతకు నాణెము దూరునంత సన్నని గంటు పెట్టి, మూతను గట్టిగా బిగింపుడు. వాడిన బ్లేడులన్నిటిని, పెన్సిలు చెక్కిన సగము బ్లేడులను, దర్జీపనికి వాడిన ముక్కలను ఆ గంటులోనుండి లోపల వేయుడు. చిన్న డబ్బా నిండుటకే ఏండ్లు పట్టును. నిండిన పిమ్మట గంటును మూసి, పైన ‘బ్లేడులు’ అని తెలుగున, కన్నడమున, తమిళమున వ్రాసి, పాత ఇనుము కొనువానికి చెప్పి యిండు. ఇంట తెలుగు చదువువారున్నను, చెత్త యెత్తువారు ఏ భాష చదువుదురో మన మెఱుగము గదా!

మన పాఠశాలలో ప్రతి తరగతి గదికిని ఇట్టి డబ్బా నొకదానిని ఏర్పఱచితిమి. మొదటి డబ్బామీద మూడు భాషలలో అక్షరములు వ్రాసినవాడు, ఆనాడు గడ్డమునకు చేయి అడ్డము పెట్టుకొని నా యెదుట నిలిచిన విద్యార్థియే.

వాని ప్రశ్నకు ఇక జవాబు. నాయనా! తాత వాడిన రేజరు నీకు చాలును. దానిని వేడినీళ్లలో సబ్బుతో కడిగి, క్రొత్త బ్లేడు వేసికొనుము. నీ తండ్రి ఈ మారు బెంగళూరునుండి వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వాలు ఎట్లో చేయి పట్టి చూపుమని అడుగుము. పుస్తకము చదివి నేర్చుకొనుటకంటె అది మేలు. నీ తండ్రికిని అది ఇష్టమగును. కొంతకాలము గీచుకొని చూచిన పిమ్మట, నీ చర్మమునకు వేఱొకటి కావలెనని తోచినచో మార్చుకొనుము, అందులో తప్పులేదు. కాని బ్లేడుల సంఖ్యనుబట్టి మగతనమును లెక్కింపకుము. ఎరవు తెచ్చిన రేజరును మరల ముట్టకుము.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపము. మీసకట్టు వచ్చుచున్న కుమారునికి ఈ చిన్న విద్యను మీరే నేర్పుడు. మనము నేర్పకున్నచో వాడు అద్దము ముందు ఒంటరిగా, ఒకరి కత్తితో నేర్చుకొనును.